కప్పు చాయ్, కుర్చీ కిరాయి

హైదరాబాద్‌లో ఇద్దరు పాతకాపులు కలిస్తే రాజకీయాల మీదైనా రాజీపడతారేమో గానీ, మంచి చాయ్ ఎక్కడ దొరుకుతుందనే సంగతి మీద మాత్రం పడరు. ఒకరు నీలోఫర్ అంటే, అది చాయా పాయసమా అంటారు రెండోవారు. నిమ్రా అంటే, నువ్వు మెచ్చుకుంటున్నది చాయ్‌నా చార్మినార్‌నా అని ఎత్తిపొడుస్తారు. గ్రాండ్ హోటల్ పేరెత్తితే ఒక తరం తలూపుతుంది, ఆ తర్వాతి తరం ఫోన్ తీసి మ్యాప్‌లో వెతుకుతుంది. సికింద్రాబాద్ వాళ్ళకు ఆల్ఫా తప్ప మిగతావేవీ లెక్కలోకి రావు. ప్యారడైజ్ బిర్యానీ గురించి కదిపితే ఆ పంచాయితీ తెల్లారినా తెగదు. "ముందటి రుచి లేదు" అనే మాట ఏ తరానికి ఆ తరం అంటూనే ఉంది. ఆ ముందటి రుచి ఏ సంవత్సరంలో ఉండేదో మాత్రం ఎవరూ చెప్పరు.

ఈ తగాదాలన్నీ రుచి చుట్టూ తిరుగుతాయి. కానీ నగరంలోని ఇరానీ హోటళ్ళ చరిత్రను కాస్త దగ్గరగా చూస్తే, అవి నిలబడ్డది రుచి బలంతోనే అనిపించదు. అవి ప్రధానంగా అమ్మింది కూర్చునే చోటు. కప్పు చాయ్ ధర, నిజానికి గంటసేపు ఒక కుర్చీకి కట్టిన కిరాయి. ఆ కిరాయి లెక్క కుదిరినన్నాళ్ళూ హోటళ్ళు కళకళలాడాయి. లెక్క తప్పాక చాయ్ మిగిలింది, కుర్చీ లేచిపోయింది.

ఇరాన్‌తో హైదరాబాద్ బంధం చాయ్‌తో మొదలవలేదు. 1591లో నగరానికి రూపురేఖలు గీసినవాడిగా చెప్పే మీర్ మోమిన్ ఇరాన్‌లోని అస్తరాబాద్ మనిషి. అసఫ్‌జాహీ నిజాంల కొలువులో ఫార్సీయే రాజభాష. 1880వ దశకంలో గానీ దాని స్థానంలోకి ఉర్దూ రాలేదు. అయితే హోటళ్ళు పెట్టిన ఇరానీలు ఆస్థాన పండితులు కారు, ప్రభువులు అంతకన్నా కారు. యజ్ద్ వంటి ఎండు ప్రాంతాల నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చిన సామాన్యులు. 1870ల మొదట్లో ఇరాన్‌ను భయంకరమైన కరువు పట్టి పీడించింది. అప్పటి నుంచి 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల దాకా ఈ వలస విడతలు విడతలుగా సాగింది. ముందు బొంబాయి, తర్వాత పూణే, ఆపైన హైదరాబాద్. బొంబాయి ఇరానీ కేఫుల్లో జొరాస్ట్రియన్ల పేర్లు ఎక్కువ వినిపిస్తాయి. అక్కడి కయానీ అండ్ కంపెనీ 1904 నాటిది. హైదరాబాద్ దాకా వచ్చినవాళ్ళలో ఎక్కువమంది షియా ముస్లింలు. ఇక్కడ అప్పటికే షియా ప్రభువులున్నారు, ఆషూర్‌ఖానాలున్నాయి, ఫార్సీ చదివినవాళ్ళున్నారు. పరాయి ఊరిలో అది చిన్న ఆసరా కాదు.

రైలు కూడా వాళ్ళకు కలిసొచ్చింది. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు 1874లో లైను పడి, నిజాం రాజ్యం బొంబాయి రైలుమార్గంతో కలిసింది. 1907లో నాంపల్లి స్టేషన్ వచ్చింది. పాత ఇరానీ హోటళ్ళు ఎక్కడెక్కడ వెలిశాయో చూస్తే ఆ దారి కళ్ళకు కడుతుంది: సికింద్రాబాద్ స్టేషన్ ఎదురుగా ఆల్ఫా, నాంపల్లికి కూతవేటు దూరంలో ఆబిడ్స్, అక్కడ 1935 నుంచీ గ్రాండ్ హోటల్. రైలు దిగిన మనిషికి మొదట కావలసింది మూట దింపుకుని కూర్చునే చోటే కదా.

ఇక్కడ ఒక తమాషా ఉంది. మనం ఇరానీ చాయ్ అని మురిసిపోయేదాన్ని ఇరాన్‌లో ఎవరూ తాగరు. వాళ్ళది పాలు పడని చాయ్. పంచదార గడ్డను పంటికింద పెట్టుకుని ఎర్రటి డికాషన్‌ను గుటకలుగా తాగుతారు. పైగా ఇరాన్‌లో తేయాకు సాగు పెరిగిందే మన దేశం నుంచి వెళ్ళిన మొక్కలతో. 20వ శతాబ్దం మొదట్లో కాషెఫ్ అల్ సల్తనే అనే ఇరాన్ దౌత్యాధికారి కాంగ్రా నుంచి తేయాకు మొక్కలు తీసుకెళ్ళి లాహిజాన్‌లో నాటించాడు. అంటే ఆకు ఇక్కడి నుంచి అక్కడికి వెళ్ళింది, వ్యాపారులు అక్కడి నుంచి ఇక్కడికి వచ్చారు, పాలు మాత్రం మనవే.

ఆ పాలలోనే ఉంది కిటుకంతా. ఇంట్లో పెట్టుకునే చాయ్‌లో ఆకు, నీళ్ళు, పాలు, చక్కెర ఒకే గిన్నెలో మరుగుతాయి. ఇరానీ హోటల్లో వీటి కాపురాలు వేరు. ఒక పెద్ద రాగి పాత్రలో ఆకూ నీళ్ళూ వేసి, మూతికి గుడ్డ బిగించి, ఆవిరి బయటికి పోకుండా సన్నటి సెగ మీద దమ్ పెడతారు. బిర్యానీకి పట్టే దమ్ లాంటిదే. పక్కన మరో గిన్నెలో పాలు గంటల తరబడి కాగి కాగి, చిక్కబడి, లేత గోధుమ రంగుకు తిరుగుతాయి. ఆర్డర్ రాగానే కప్పులో ముందు డికాషన్, దాని మీద పాలు. గరిటె ఎత్తు, పోసే వేగం, ఎంత డికాషన్‌కు ఎంత పాలు అనే కొలత అన్నీ పోసేవాడి మణికట్టులో ఉంటాయి. రెండూ కప్పులోనే కలుస్తాయి కాబట్టి డికాషన్ వగరు, పాల కమ్మదనం రెండూ నాలుక మీద విడివిడిగా తెలుస్తాయి. చక్కెర సంగతి చెప్పనక్కరలేదు. చెంచా నిలబెడితే పడిపోకూడదని, ఖడే చమ్చే కీ చాయ్ అని అడిగి తాగేవాళ్ళుండేవారు.

ఇలా గిన్నెలు వేరుగా ఉండటం వల్ల వ్యాపారంలోనూ ఓ సుఖం ఉంది. వందమంది ఒక్కసారిగా వచ్చినా అర నిమిషానికో కప్పు దించవచ్చు. రెండు గంటలు ఎవరూ రాకపోయినా చాయ్ మాడదు. రద్దీనీ తీరికనీ ఒకే పొయ్యి మీద మోయగల ఏర్పాటు అది. అందుకే కూర్చున్నవాణ్ణి లేపాల్సిన అవసరం హోటలుకు ఉండేది కాదు.

కూర్చునే ఏర్పాట్లు చూడండి. పాలరాతి పలక బిగించిన బల్ల, వంపు తిరిగిన వీపుతో నల్లటి చెక్క కుర్చీలు, గోడలకు నిలువుటద్దాలు, గుమ్మం పక్కన గల్లాపెట్టె. రెండు రోడ్లు కలిసే మూల మీద హోటల్ ఉంటే రెండువైపులా తలుపులు. గాలీ, వెలుతురూ, గిరాకీ అన్నీ రెండింతలు. బల్ల మీద అడగకుండానే ఒక ప్లేటు వచ్చి కూర్చుంటుంది. ఉస్మానియా బిస్కెట్లు, ఖారా బిస్కెట్లు, చిన్న సమోసాలు. తిన్నవాటికే లెక్క; మిగిలినవి పక్క బల్లకు ప్రయాణం కడతాయి. ఈ కాలం శుచి శుభ్రతల కళ్ళతో చూస్తే గుండె గుభేలుమంటుంది గానీ, ఆ రోజుల్లో ఎవరూ పట్టించుకోలేదు. మీరు లేచి గుమ్మం వైపు నడుస్తుంటే వెయిటర్ వెనక నుంచి గల్లాకు కేకేస్తాడు: దో చాయ్, చార్ సమోసా, తీన్ బిస్కుట్. కాగితం లేదు, పెన్ను లేదు, బిల్లులో తేడా లేదు. జేబు బరువు తక్కువైన రోజున వన్ బై టూ ఉండనే ఉంది. ఒక చాయ్‌ను రెండు కప్పుల్లో పోసిచ్చే ఈ పద్ధతిలో సగం చాయ్‌కి ఒక్కొక్కరికి ఒక కుర్చీ పూర్తిగా దక్కుతుంది. కుర్చీ కిరాయి అన్న మాటకు ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

ఉస్మానియా బిస్కెట్ పుట్టుక గురించి ఊరంతా ఒక కథ చెబుతుంది. ఉస్మానియా ఆసుపత్రి రోగుల కోసం తయారైందని ఒకరు, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ మక్కువపడి తినేవాడని ఇంకొకరు. వీటికి కాగితపు రుజువులు అడిగితే కథ చెప్పేవాళ్ళకు కోపం వస్తుంది. సగం తీపి, సగం ఉప్పు ఉన్న ఆ బిస్కెట్ చిక్కటి తీపి చాయ్‌కు సరిజోడు అన్నంతవరకు వివాదం లేదు. దేశ విభజనలో సింధ్ నుంచి వచ్చిన కుటుంబం 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర కరాచీ బేకరీ తెరిచాక బిస్కెట్ల పోటీ మరింత పెరిగింది. అదే ఏడాది సికింద్రాబాద్‌లో ప్యారడైజ్ సినిమా హాలుకు ఆనుకుని ఒక చిన్న క్యాంటీన్ మొదలైంది. చాయ్, సమోసాలు అమ్మిన ఆ క్యాంటీన్ బిర్యానీతో పేరుకెక్కింది. సినిమా హాలు ఎప్పుడో పోయింది. ఇవాళ ఆ పేరు మీద మెట్రో స్టేషన్ ఉంది. హలీమ్‌ను రంజాన్ ఇళ్ళలోంచి బజారుకు తెచ్చినవాళ్ళలోనూ ఇరానీ హోటళ్ళవాళ్ళున్నారు. పత్తర్‌గట్టీ దగ్గరి మదీనా హోటల్ పేరు ఆ సందర్భంలో ముందుగా వినిపిస్తుంది. 2010లో హైదరాబాదీ హలీమ్‌కు భౌగోళిక గుర్తింపు దక్కింది.

ఇంతకూ ఆ కుర్చీల్లో కూర్చున్నదెవరు? గుమాస్తాలు, విద్యార్థులు, విలేకరులు, దళారులు, కోర్టు వాయిదాకు వచ్చిన పల్లెటూరివాళ్ళు, పని దొరకనివాళ్ళు, పని ఎగ్గొట్టినవాళ్ళు. ఆబిడ్స్‌లోని ఓరియంట్ హోటల్‌కైతే ఒక ప్రత్యేకమైన పేరు. కవి, కమ్యూనిస్టు నాయకుడు మఖ్దూం మొహియుద్దీన్ అక్కడి బల్లల దగ్గర గంటల తరబడి కూర్చునేవాడు. 1969లో ఆయన పోయాక కూడా ఆ బల్లల గురించిన కబుర్లు ఆగలేదు. హోటల్ మాత్రం ఇప్పుడు లేదు.

ఇంతమంది ఇలా ఒకేచోట కూర్చోవడం ఎందుకంత ముఖ్యం? కోస్తా, తమిళ ప్రాంతాల కాఫీ హోటళ్ళను పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. అక్కడ బోర్డు మీదే బ్రాహ్మణ హోటల్ అని ఉండేది. లోపల కూర్చునే చోట్లు వేరువేరుగా ఉండేవి. 1957లో మద్రాసు ట్రిప్లికేన్‌లో మురళీ కేఫ్ బోర్డు మీది ఆ మాట తీయించడానికి పెరియార్ అనుచరులు ఆందోళన చేయాల్సివచ్చింది. మన పల్లెల్లోనైతే రెండు గ్లాసుల పద్ధతి అంతకన్నా ఎంతో కాలం సాగింది. ఇరానీ హోటల్లో అడిగేది చాయ్ కావాలా, చాయ్‌తో ఇంకేమైనా కావాలా అని. కులం అడిగే రివాజు ఆ గల్లాకు లేదు. సమసమాజం కోసం పెట్టిన హోటళ్ళేమీ కావవి. పరాయి దేశం నుంచి వచ్చిన వ్యాపారికి మన ఎక్కువతక్కువల చిట్టా తెలియదు, తెలుసుకున్నా లాభం లేదు. కారణమేదైనా ఫలితం మంచిదే.

అయితే ఈ జ్ఞాపకాలన్నీ మగవాళ్ళవేనని ఒప్పుకోక తప్పదు. ఆడవాళ్ళకు కేటాయించిందల్లా ఫ్యామిలీ రూమ్ అనే బోర్డు, ఒక కర్టెన్, దాని వెనక నాలుగు కుర్చీలు. నాన్నతోనో అన్నతోనో వచ్చి, బిర్యానీ తిని, వెళ్ళిపోవడమే. ఒంటరిగా వచ్చి గంటసేపు పేపరు చదువుకున్న ఆడమనిషి ఏ ఇరానీ హోటల్ జ్ఞాపకంలోనూ పెద్దగా కనపడదు. పాతరోజులే బంగారమని తలపోసుకునేవాళ్ళు ఈ ఒక్క సంగతి దగ్గర కాస్త ఆగాలి.

హోటల్ మీద అభిప్రాయం ఒక్కోసారి రాజకీయ నినాదమూ అవుతుంది. 1948 పోలీసు చర్య తర్వాత మద్రాసు రాష్ట్రం వైపు నుంచి ఉద్యోగులు హైదరాబాద్‌కు తరలివచ్చారు. వాళ్ళ వెంటే ఇడ్లీ, సాంబారు, ఫిల్టర్ కాఫీ కూడా. ఆబిడ్స్‌లో తాజ్‌మహల్ హోటల్ మొదలైంది ఆ ఏడాదే. నాలుగేళ్ళు తిరక్కుండానే ఉద్యోగాలు స్థానికులకే (ముల్కీలకే) దక్కాలన్న 1952 ముల్కీ ఉద్యమంలో, గైర్ ముల్కీ గో బ్యాక్ అన్న నినాదంతో పాటు ఇడ్లీ సాంబార్ గో బ్యాక్ అన్న నినాదమూ వీధుల్లో మారుమోగింది. నవ్వులాటగా తీసిపారేయడానికి వీల్లేదు. ఆ సెప్టెంబర్‌లో సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఉద్యోగాలు పోతున్నాయన్న కడుపుమంట పక్కింటివాడి పలహారం మీదికి మళ్ళింది. విచిత్రమేమిటంటే, అప్పటికి ఇరానీ చాయ్‌కి కూడా ఊళ్ళో పట్టుమని రెండు మూడు తరాల వయసు లేదు. కానీ అది అప్పటికే ముల్కీ అయిపోయింది. తాజ్‌మహల్ ఇడ్లీకి ఆ హోదా రావడానికి ఇంకొంత కాలం పట్టింది.

తెలుగు కవులకు కూడా ఈ ఊళ్ళో కుర్చీలు దొరికాయి. లక్డీకాపూల్‌లోని ద్వారకా హోటల్ పేరు తెలుగు వచన కవిత్వంతో ముడిపడిపోయింది. శివారెడ్డి, ఆయన మిత్రులు సాయంత్రాలు అక్కడ చేరేవారు. రాసుకొచ్చిన కవిత ముందు అక్కడ చదివి తర్వాత పత్రికకు పంపడం చాలామంది కొత్త కవులకు ఆనవాయితీ. చాయ్ అక్కడ కేవలం ప్రవేశ రుసుము. ఇక హోటల్ పనివాడినే కవిత్వపు వేదిక ఎక్కించిన ఘనత దిగంబర కవులది: 1966లో విజయవాడలో తమ రెండో సంపుటిని ఒక హోటల్ క్లీనర్ చేతుల మీదుగా విడుదల చేశారు.

చాయ్ హోటళ్ళతో పోలిస్తే బార్ల గతి వేరు. తాగి కూర్చునే చోటును సర్కారు ఎన్నడూ నిలకడగా ఉండనివ్వలేదు. 1995లో రాష్ట్రమంతటా మద్యనిషేధం, 1997లో ఎత్తివేత. నగరంలో కల్లు దుకాణాలు 2004లో మూతపడి, 2014లో మళ్ళీ తెరుచుకున్నాయి. చాయ్ హోటల్ జోలికి మాత్రం ఏ ప్రభుత్వమూ నేరుగా పోలేదు.

పోకుండానే పని జరిగిపోయింది. కుర్చీ లెక్క నడిచింది చవక కిరాయిల మీద. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం పాత కిరాయిదారుకు కొంతకాలం గొడుగు పట్టింది. తర్వాత ఆబిడ్స్‌లో, సికింద్రాబాద్‌లో, లక్డీకాపూల్‌లో మూల స్థలం అంటే బంగారం. అదే స్థలంలో చెప్పుల షోరూమో, మందుల దుకాణమో పెడితే యజమానికి వచ్చే అద్దె ముందు చాయ్ లాభం ఏ మూలకు? రోడ్లు వెడల్పు చేసినప్పుడు ముందు తెగేది మూల మీది కట్టడమే. గల్లా మీద వంతులవారీగా కూర్చున్న భాగస్వాముల పిల్లలు ఇంజనీర్లయ్యారు, విదేశాలకు వెళ్ళారు. తెల్లవారుజామున లేచి పాలు కాచే పనికి ఎవరూ మిగల్లేదు. ఇవాళ ఇరానీ పేరుతో నడిచే హోటళ్ళలో అత్యధికం ఇరానీలవి కావు. 2008 అక్టోబర్ 2న బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడం మీద నిషేధం వచ్చింది. ఊపిరితిత్తులకు మేలే. కాకపోతే చాయ్ తర్వాత సిగరెట్, సిగరెట్ తర్వాత ఇంకో చాయ్ అని గంటలు గడిపిన బృందం ఆ దెబ్బతో ఫుట్‌పాత్ మీదికి వచ్చేసింది, మళ్ళీ లోపలికి పోలేదు.

ఆ ఖాళీలోకి ఇంకో రకం కుర్చీ వచ్చింది. 1996లో బెంగళూరులో మొదలైన కేఫ్ కాఫీ డే, ఆ తర్వాత వచ్చిన గొలుసు కేఫులు ఇరానీల సూత్రాన్నే పట్టుకున్నాయి: కాఫీ పేరుతో కుర్చీ అమ్మడం. తేడా అల్లా ఆ కిరాయిని ధరలో దాచకుండా బాహాటంగా కలిపేయడం. ఏసీ కింద మెత్తటి సోఫా, ఫోన్ పెట్టుకునే ప్లగ్గు, ఎంతసేపు కూర్చున్నా అడిగే దిక్కులేదు. ఒంటరిగా వచ్చిన అమ్మాయికీ అందులో చోటుంది. ఈ విషయంలో పాత హోటళ్ళ కన్నా ఇవే నయం. పోగొట్టుకున్నది వన్ బై టూ వాణ్ణి. కూలి దొరకని రోజున సగం చాయ్ తాగి నీడలో కూర్చునే హక్కు అతనికి గ్లాస్ డోర్ వెనక లేదు.

ఇక చాయ్ సంగతి. 1993లో చార్మినార్ పక్కన తెరిచిన నిమ్రా కొత్త కాలానికి సరిగ్గా సరిపోయిన హోటల్. బిస్కెట్లు అప్పటికప్పుడు పొయ్యిలోంచి వస్తాయి, చాయ్ మీద చాయ్ పోస్తూనే ఉంటారు, జనం ఎక్కువగా నిలబడే తాగి కదిలిపోతారు. పొద్దున్నే, గుంపులు రాకముందు, ఉస్మానియా వేడిగా ఉన్నప్పుడు దానికి తిరుగులేదు. 1978 నాటి నీలోఫర్ కథ ఇంకో దారి: ఆసుపత్రి పక్కన పుట్టిన చిన్న హోటల్ చాయ్ పొడి డబ్బాలు, బిస్కెట్ పెట్టెలు, పెద్ద పెద్ద శాఖలుగా విస్తరించింది. చిక్కదనంలో దానికదే సాటి; రెండో కప్పు తాగాలంటే మాత్రం ఒక పూట గ్యాప్ కావాలి. బిర్యానీ ముఖ్యమైతే 1973 నాటి బహార్‌కు వెళ్ళాలి, అక్కడ చాయ్ తోక మాత్రమే. గ్రాండ్ హోటల్ చాయ్ ఈ నాలుగింటిలోకీ గొప్పదని పందెం కట్టలేం. కానీ తొంభై ఏళ్ళ తర్వాత కూడా ఆబిడ్స్ నడిబొడ్డున అది నడుస్తూనే ఉంది, కూర్చోబెడుతూనే ఉంది. ఈ లెక్కన చూస్తే మార్కులన్నీ దానికే.

హైదరాబాద్ వెళ్ళేవాళ్ళకు ఒక మాట. వీడియోల్లో చూసిన చాయ్ కోసం క్యూలో నిలబడటం మీ ఇష్టం. వీలైతే ఒక్క మధ్యాహ్నం, మూడింటికీ నాలుగింటికీ మధ్య భోజనాల రద్దీ తగ్గాక, ఏదైనా పాత హోటల్లోకి వెళ్ళి వన్ బై టూ చెప్పి, తోడొచ్చిన మనిషితో అరగంట కూర్చోండి. లేవమని ఎవరూ అనకపోతే ఆ హోటల్ పేరు నలుగురికీ చెప్పండి. గిరాకీ లేక మూతపడ్డాక చెప్పి లాభం లేదు.